నల్ల మందలోకి ఎర్ర పొట్టేలు

మొగిలిగుట్ట,
13 జూన్ 1993

సాయిలన్నకు,

నీ కార్డు చేరింది. అందులో నాలుగు వాక్యాలున్నాయి. మూడు నా గురించి. మూడూ తప్పే.

నేను డిగ్రీ తప్పలేదు. సెకండ్ క్లాసులో పాసయ్యాను. సర్టిఫికెట్ ట్రంకుపెట్టెలో అవ్వ పెండ్లిచీర కింద ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. సంగారెడ్డిలో నేనెవరినీ ప్రేమించలేదు. ప్రేమించదగ్గవాడు ఒకడు కనబడిన మాట నిజమే కానీ వాడు నావైపు చూడలేదు, కాబట్టి అది లెక్కలోకి రాదు. ఇక "మనసు బాగలేక గొర్ల వెంట తిరుగుతున్నది" అని వదినతో అన్నావట. నా మనసు బాగానే ఉంది. బాగలేనిది నాయిన కాలు.

గొర్లకు జమ్మి కొమ్మలు నరకబోయి చెట్టు మీంచి పడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే ఉండి "గొర్లు యాడున్నయే?" అన్నాడు. కాలు ఏ దిక్కుకు తిరిగిందో చూసుకోలేదు. కట్టు కట్టే బాలయ్య వచ్చి వెదురుబద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసి, "మూన్నెల్లు మంచం దిగద్దు" అన్నాడు. దొడ్డిలో ముప్పై నాలుగు గొర్రెలు, ఒక పొట్టేలు అరుస్తున్నాయి. అవ్వ నా వైపు చూసింది. నేను అవ్వ వైపు చూశాను. తర్వాత కర్ర అందుకున్నాను. జరిగింది ఇంతే. ఇందులో సినిమా ఏమీ లేదు.

కానీ ఈ ఇంట్లో ఎవరి సినిమా వాళ్ళు చూస్తున్నారు. అవ్వ వాకిట్లో కూర్చుని వచ్చేపోయే వాళ్ళకు "సదివి సదివి తలకాయ ఖరాబైంది నా బిడ్డకు" అని చెబుతోంది. నాయిన "రెండు దినాలు ఎండ తాకితే సక్కగైతది" అంటున్నాడు. నువ్వు బోధన్‌లో బస్సులో నిలబడి నాకొక ప్రేమికుణ్ణి కల్పించావు. నాకు గొర్రెలు కాయడం ఇష్టమై ఉండవచ్చునని మీ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

నిన్న మన మెట్ట చెలకలో రాళ్ళ మధ్య గొర్రెలు ఏం తింటున్నాయో వంగి చూశాను. నాకేమీ కనబడలేదు. వాటికి కనబడింది. మన నల్లగొర్రె తుమ్మకాయ తింటుంది, ఎండిన ఆకు తింటుంది, ఒక పూట నీళ్ళు లేకున్నా మొహం మాడ్చుకోదు. మన పొట్టేలు దొర మాత్రం బాటకు అడ్డంగా నిలబడితే ఎవరొచ్చినా జరగడు, ఆ పేరు అందుకే వచ్చింది. పెద్ద పటేలు ఆగి, "మీ నాయినకు వేరే పేరేం దొరకలేదా దీనికి?" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే నాయిన మంచంలోంచి, "పిలిస్తే పలుకుతుండు, ఇప్పుడు మారిస్తే మర్లవడ్తడు" అన్నాడు.

ఉన్ని కత్తెర ఒకటి పంపు. మన ఇంట్లోది కత్తిరించడం లేదు, పీకుతోంది.

వదినను, పిల్లలను అడిగానని చెప్పు.

మనసు బాగున్న నీ చెల్లె,
అనసూయ


బోధన్,
29 జూన్ 1993

చెల్లె అనసూయకు అన్న సాయిలు రాయునది.

నీ ఉత్తరం డ్యూటీలో ఉండగా చేతికి వచ్చింది. బాన్సువాడ పోయి వచ్చేలోపు రెండుసార్లు చదివాను. ఒకాయన టికెట్ అడిగితే నీ ఉత్తరం చించి ఇవ్వబోయాను.

నిన్ను నేనేమీ తప్పు అర్థం చేసుకోలేదు. కానీ బీఏ చదివిన మా చెల్లెకు గొర్లంటే ఇష్టం అని డిపోలో ఎవరికి చెప్పినా వాళ్ళు నన్ను ఓదారుస్తున్నారు. డ్రైవర్ గంగారాం అయితే "బాధవడకు సాయన్న, మా మేనకోడలు గూడ ఇట్లనే అయి మంచిగైంది" అన్నాడు. ఆమెకు ఏమైందో నేను అడగలేదు.

నాయినకు చెప్పు. నల్లగొర్ల కాలం అయిపోయింది. ఉన్ని బేరగాడు మన దిక్కు తొంగిచూసి రెండేండ్లవుతోంది. గొంగడి కప్పుకునేవాడు లేడు, అందరూ ప్లాస్టిక్ కవర్ కప్పుకుంటున్నారు. ఇక్కడ అందరివీ బొచ్చులేని ఎర్రగొర్లే. కాళ్ళు ఇంత పొడుగు, ఆరు నెలలకే కటికోడు ఇంటికొచ్చి అడుగుతాడు. నేను ఒకాయనతో మాట్లాడాను. బోనాలు అయినాక ఒక ఎర్ర పొట్టేలును లారీలో పంపిస్తాను. రెండు ఈతల్లో మంద రంగే మారిపోతుంది. దొర ఎట్లాగూ పెద్దవాడయ్యాడు.

కత్తెర నారాయణఖేడ్ బస్సు కండక్టర్‌కు ఇచ్చాను. అడిగి తీసుకో. అతను మరిచిపోయే రకం.

మీ వదిన తమ్ముడు లింగంకు కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్ ఉద్యోగం వచ్చింది. ఊరికే చెబుతున్నాను.

నీ అన్న,
సాయిలు


మొగిలిగుట్ట,
22 జూలై 1993

అన్నా,

కత్తెర అందింది. నీ కండక్టర్ దాన్ని నారాయణఖేడ్‌కు మూడుసార్లు తీసుకుపోయి మూడుసార్లు వెనక్కి తెచ్చాడు. నాలుగోసారి బస్సు ముందు నేను మందను నిలబెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది అతనికి.

ఉన్ని తీశాం. నేను పట్టుకుని నేనే కత్తిరించాను. నాయిన మంచం మీంచి "మెడ కాడ మెల్లగ, అది గొర్రె, గోనెసంచి కాదు" అని నలభైసార్లు అన్నాడు. మొదటి గొర్రె నా చేతిలోంచి లేచి నిలబడ్డాక, దాని పిల్లే దాన్ని గుర్తుపట్టలేదు. పదోది వచ్చేసరికి చేయి కుదిరింది. దొరకు తీసేటప్పుడు మాత్రం ఎవరూ పట్టుకోవలసిన అవసరం రాలేదు. మంగలి ముందు కూర్చున్న పెద్దమనిషిలా కళ్ళు మూసుకున్నాడు.

ఇంకొకటి చెప్పాలి. విత్తనం వేసేముందు తడకలు రోజూ జరిపి మందను చెలకలో ఒక్కొక్క పట్టె మీద పెట్టాను. మంద పడుకున్న చోట జొన్న నల్లగా, మోకాలెత్తు వచ్చింది. పడుకోని చోట నా కనుబొమ్మల్లా ఉంది. చెలక మీద గళ్ళ దుప్పటి పరిచినట్టుంది. నాయినను మంచంతో సహా నలుగురం మోసుకుపోయి చూపించాం. చాలాసేపు చూసి, "తడక ఆ మూలకు జరంత వంకరైంది" అన్నాడు. మెచ్చుకున్నాడని అవ్వ చెప్పింది.

ఎర్ర పొట్టేలు వద్దు. దానికి నీడ కావాలి, నీళ్ళు కావాలి, పచ్చగడ్డి కావాలి. ఈ మూడూ ఉంటే నాలుగెకరాల చెలకలో మనమెందుకు ఉంటాం? నల్లది మాంసం ఇస్తుంది, ఉన్ని ఇస్తుంది, ఎరువు ఇస్తుంది, నాయిన చాయ్‌కి పాలు కూడా ఇస్తోంది. దీనికి మించి నీ ఎర్ర పొట్టేలు తెచ్చేది ఒక్క కాళ్ళ పొడుగే.

ఈ ఏటి గొర్రెపిల్లల మొదటి కత్తెర ఉన్ని వేరే తీసి పెట్టాను. చాలా మెత్తగా ఉంది. నాకు సన్నదారంతో పని పడింది, అగవ్వ పెద్దమ్మతో వడికిస్తున్నాను. ఎందుకని కూడా అడగలేదు, నవ్వి నా నెత్తి నిమిరింది. ఈ ఊర్లో ప్రశ్నలు వేయని మనిషి ఆమె ఒక్కతే.

అనసూయ


బోధన్,
6 ఆగస్టు 1993

చెల్లెకు,

నీ ఉత్తరంలో చివరి మాట చదివి మీ వదిన ఏడ్చింది. సంతోషంతోనే. నేను కూడా లీవు పెట్టాను.

నువ్వు నోటితో చెప్పకున్నా మాకు అర్థమైంది. మనం ఉన్ని కంకణం వాళ్ళం. మన ఇండ్లలో గొర్రెపిల్లల మొదటి కత్తెర ఉన్నితో సన్నదారం వడికించేది ఒక్కదానికే, లగ్గం నాడు చేతికి కట్టే కంకణానికి. పిల్ల తనంత తాను ఆ ఉన్ని పెద్దముత్తైదువ ఒళ్ళో పెట్టిందంటే ఒప్పుకున్నట్టే. మీ వదిన కూడా మా లగ్గానికి ముందు ఇట్లాగే చేసింది, పెండ్లి మాట నోటితో అనలేదు. నువ్వు హాస్టళ్ళలో ఆరేండ్లు ఉండి కూడా పద్ధతి మరవలేదు. మా మామగారికి ఈ మాట చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అవ్వ కూడా అగవ్వ పెద్దమ్మ నోట విన్నదట, నాకు కార్డు రాయించింది.

లింగం తరఫువాళ్ళు ఒప్పుకున్నారు. దసరా అయినాక వచ్చే శుక్రవారం, అక్టోబర్ 29న వరపూజ. మన ఇంటి దగ్గరే. అరవై మంది వస్తారు. భోజనాలకు దొరను కోద్దాం. ఎర్ర పొట్టేలు వస్తోంది కాబట్టి వాడితో పని లేదు. పెండ్లి అయినాక మిగతా మందను కూడా బేరానికి పెడదాం. నాయిన కాలుకు, నీ కాపురానికి అదే మంచిది.

నాకు చాలా తేలికగా ఉంది.

నీ అన్న,
సాయిలు


మొగిలిగుట్ట,
12 ఆగస్టు 1993

అన్నా,

ఆ దారం గొర్రెల మెడలకు.

ఏ గొర్రె ఎప్పుడు ఎదకు వచ్చింది, దొర ఏ రోజు దాటాడు అని నోటుబుక్కులో రాసుకున్నాను. వానలో బుక్కు నానిపోయింది. అందుకని దాటిన గొర్రె మెడకు దారం కడుతున్నాను. మొదటి వారానికి ఒక ముడి, రెండో వారానికి రెండు. ఈనే రోజులు తెలుస్తాయి. గట్టి నూలు అయితే మెడ కోస్తుంది, పిల్లల ఉన్ని అయితే కోయదు. సంగతి ఇదీ.

కంకణం మాట నాకు తోచలేదు. తోచి ఉంటే పెద్దమ్మ నవ్వినప్పుడే లేచి వచ్చేదాన్ని.

నేను ఎవరినీ చేసుకుంటానని ఒప్పుకోలేదు. దొరను కోయడానికి వీల్లేదు. మీ మామగారికి చెప్పి కళ్ళు తుడుచుకోమను.

అనసూయ


బోధన్,
27 ఆగస్టు 1993

చెల్లెకు,

నీ ఉత్తరం ఇంటిల్లిపాది కూర్చుని చదివాం. పిల్లలు బాగా నవ్వారు. గొర్రెల మెడలకు అన్న మాట దగ్గర మీ వదిన, "ఇది నాకన్న సిగ్గరి. నేనైతే కుండ మూతికి కట్టనీకే అని చెప్పిన" అంది. ఆమె తండ్రి కూడా మొదట వద్దంటేనే మర్యాద అన్నాడు. నువ్వు ఎంత గట్టిగా వద్దంటే అంత మంచి పిల్ల అని వాళ్ళింట్లో పేరు వస్తోంది. అయినా కొంచెం తగ్గించు, అందరికీ చదివి వినిపించడానికి నాకు ఇబ్బందిగా ఉంది.

నీకు గొర్ల మీద బెంగ ఉంటుందని నాకు తెలుసు. లింగంతో మాట్లాడాను. అతని క్వార్టర్ వెనుక కొన్ని గజాల జాగా ఉంది. రెండు నల్లగొర్రెలను తోలుకుపోవచ్చు. ఏ రెండో నువ్వే ఎంచుకో.

ఎర్ర పొట్టేలు వచ్చే వారం లారీ ఎక్కుతాడు. చల్లని పూట దించుకోండి.

సాయిలు


మొగిలిగుట్ట,
21 సెప్టెంబర్ 1993

అన్నా,

నీ పొట్టేలు వచ్చాడు. చూడడానికి బాగున్నాడు. ఊరంతా వచ్చి చూసింది. లారీ దిగి, మన చెలకను ఒకసారి కలియజూసి, మళ్ళీ లారీ ఎక్కబోయాడు.

మొదటి రోజు మందతో తోలాను. గుట్ట మలుపు దాకా వచ్చి కూర్చున్నాడు. నేను కర్రతో, తర్వాత మాటలతో, తర్వాత జొన్నరొట్టెతో లేపాను. రొట్టె తిని మళ్ళీ కూర్చున్నాడు. తుమ్మకాయ మూతి దగ్గర పెడితే మొహం తిప్పుకున్నాడు. రెండో రోజు వాన కురిసింది, దగ్గు పట్టుకుంది. ఇప్పుడు నాయిన మంచం కింద ఉంటున్నాడు. అవ్వ పొద్దున జొన్న గటక, సాయంత్రం కుడితి పెడుతోంది. నాయిన అన్నాడు: "నేను మంచం మీద, ఈడు మంచం కింద. ఈ ఇంట్ల కాళ్ళు మంచిగున్నది నీకొక్కదానికే."

గొర్రెలు కూడా వాడి దిక్కు చూడలేదు. చూసే పనీ లేదు. ముప్పై నాలుగింట్లో ఇరవై ఆరింటి మెడకు దారాలు పడ్డాయి. అన్నీ దొరవే. డిసెంబర్ నుంచి ఈనుతాయి.

మొన్న కటిక మౌలానా వచ్చాడు. నువ్వు కబురు పెట్టావట. దొర వీపు మీద చేయి వేసి ఒత్తి చూసి, "అరవై మందికి సరిపోతడు, బోటీ వేరే" అన్నాడు. నేను "ఎవరికీ సరిపోడు, పో" అన్నాను. అతను నొచ్చుకోలేదు. "పిల్ల గట్టిదే" అని అవ్వతో చెప్పి మంచినీళ్ళు తాగి పోయాడు. అవ్వ అతనికి "సిగ్గువడ్తుంది" అని చెప్పింది. నేను ఏం చేస్తే సిగ్గు కాదో ఎవరైనా రాసిస్తే నేర్చుకుంటాను.

మరోసారి రాస్తున్నాను. నేను లింగంను చేసుకోను.

అనసూయ


బోధన్,
5 అక్టోబర్ 1993

అనసూయకు,

నీ ఈ ఉత్తరం నేను ఎవరికీ చదివి వినిపించలేదు. మీ వదినకు కూడా.

నీది సిగ్గు కాదని నాకు కిందటి ఉత్తరం నాడే తెలిసింది. అయినా ఊరుకున్నాను. తాంబూలాల మాట అయిపోయింది, వాళ్ళు చుట్టాలకు చెప్పుకున్నారు. ఇప్పుడు నేను పోయి కాదని చెబితే మీ వదిన పుట్టింట్లో నా మొహం ఎట్లా ఉంటుందో నువ్వే ఆలోచించు.

మంద గురించి నీకు తెలియని మాట ఒకటుంది. నాకు పన్నెండేండ్లప్పుడు నాయిన నన్ను మంజీర దిక్కు వలస తోలుకుపోయాడు. ఇరవై రోజులు వాన. తడిసిన గొంగడి ఎంత బరువుంటుందో నీకు తెలియదు. దాని కిందే తినాలి, దాని కిందే పడుకోవాలి. ఒళ్ళంతా గొర్రె వాసన. బడికి పోతే నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఆ ఏడే అనుకున్నాను, ఖాకీ చొక్కా వేసుకుని ఆరిన చోట నిలబడే పని ఏదైనా సరే చేస్తానని. నా తర్వాత మన ఇంట్లో ఎవరూ ఆ గొంగడి కిందికి పోవద్దని నిన్ను హాస్టల్లో వేయించింది నేను. నాయిన కాదు.

నాయిన కూడా నాకు కబురు పెట్టాడు. కాలు మునుపటిలా రాదట. మంద అమ్మెయ్యి అన్నాడు. ఆడపిల్లకు అది చేతగాదన్నాడు.

29న పది గంటలకు జీపుల్లో వస్తాం. నన్ను చిన్న చేయకు.

నీ అన్న


మొగిలిగుట్ట,
26 అక్టోబర్ 1993

అన్నా,

ఇది పోస్టులో వేయడం లేదు. నీ మతిమరుపు కండక్టర్ చేతికి కూడా ఇవ్వడం లేదు. లారీ డ్రైవర్‌కు ఇస్తున్నాను, ఎర్ర పొట్టేలుతో పాటు. రేపు నీ చేతికి వస్తుంది. జీపులు మాట్లాడినవాళ్ళకు చెప్పడానికి నీకు ఒక రోజంతా ఉంటుంది.

నువ్వు దాచకుండా రాశావు. నేనూ అట్లాగే రాస్తాను.

నిన్న బస్సెక్కి లింగం దగ్గరికి పోయాను. అతను స్తంభం మీద ఉన్నాడు. కింద నిలబడి "నేను అనసూయను" అన్నాను. "ఆగుండ్రి, లైన్ బంద్ జేసి దిగుత" అన్నాడు. దిగాక హోటల్లో మిర్చీలు తెప్పించాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. అతను రెండు మిర్చీలు తిని,

"అట్లయితే దారం మీరు వడికియ్యలేదా?" అని అడిగాడు.

"వడికించిన. గొర్లకు."

"మా అక్క నాకోసమన్నది."

"మీరు నన్ను చేసుకుంటమని ఎప్పుడన్న అన్నరా?"

"నన్నెవలడిగిండ్రు? నౌకరి వచ్చిందని చెప్పనీకి ఇంటికి వోతే, అంతకు ముందే పిల్లను సూసి పెట్టిండ్రు."

కాసేపు ఇద్దరం మిర్చీలు తిన్నాం. మంచివాడు. క్వార్టర్ వెనుక జాగాలో రెండు గొర్రెల మాట కూడా అతనికి ఎవరూ చెప్పలేదు. "గొర్లంటే నాకు జర భయం" అన్నాడు. వాళ్ళ నాయినకు తానే చెబుతానన్నాడు. నిన్న సాయంత్రమే చెప్పి ఉంటాడు. కాబట్టి మీ మామగారి దగ్గర నువ్వు కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. కోపం మాత్రం నీ మీదే వస్తుంది. అది నేను పంచుకోలేను.

ఇంటికొచ్చి నాయిన మంచం దగ్గర కూర్చున్నాను. మంద అమ్మమని అన్నకు చెప్పినవా అని అడిగాను. గోడవైపు తిరిగి చెప్పాడు.

"చెప్పిన."

"నాకు చాతగాదని అన్నవా?"

"అన్న."

"మంద నాలుగు నెలల నుంచి ఎవరు కాస్తున్నరు?"

"నువ్వే."

"ఒక్కటన్న తక్కువైందా?"

గోడవైపు నుంచి నా వైపు తిరిగాడు. తర్వాత, "చాతగాదని కాదు బిడ్డా. నేను లేవలేనని నువ్వు ఈడ ఆగిపోతున్నవేమో అనుకున్న. నా మంచం కాడ నువ్వు ముసల్దానివైతే నేనెట్ల సావాలె?" అన్నాడు.

"నీకోసం ఆగలేదు నాయినా. నువ్వు లేచి తిరిగినా నేనే కాస్త" అన్నాను.

"అట్లనా" అన్నాడు. దుప్పటి సర్దుకుని, "అయితే ఆ గుట్ట ఎనక తుమ్మలల్లకు తోలు, ఈ నెల ఆడ కాయ బాగుంటది" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ జాగా నాకు చెప్పలేదు అన్నా. అమ్మేసే మందకు మేత జాగా ఎందుకు చెబుతాడు!

అవ్వ నాతో మాట్లాడడం లేదు. అన్నం మాత్రం కట్టి ఇస్తోంది. మౌలానాకు నేనే పోయి చెప్పాను. అగవ్వ పెద్దమ్మ మిగిలిన దారం ఇచ్చేస్తూ, "ముందుగాల్నే గొర్లకని చెప్తే ఇంత సన్నగ వడుకుదునా, నా కండ్లు వోయినయి" అని తిట్టింది. ఆమె తిట్టు ఒక్కటే నాకు న్యాయంగా అనిపించింది.

నువ్వు గొంగడి గురించి రాసింది నాలుగుసార్లు చదివాను. నీ పక్కన ఎవరూ కూర్చోలేదన్న సంగతి నాకు తెలియదు. నాకు ఆ బాధ రాకూడదని నన్ను హాస్టల్లో వేశావు, అదీ తెలియదు. నువ్వు పన్నెండేండ్లకు పోయావు, నిన్ను ఎవరూ అడగలేదు. నాకు ఇరవై రెండేండ్లు. నేను అన్నీ చూసే వచ్చాను. నువ్వు వద్దనుకుని పోయావు. నేను కావాలనుకుని ఉంటున్నాను. ఈ రెండింట్లో ఏదీ తప్పు కాదు. కానీ నీది తీసి నా మీద కప్పకు.

శుక్రవారం వరపూజ లేదు. లింగంను నేను చేసుకోవడం లేదు. దొర మందలోనే ఉంటాడు. మంద అమ్మడం లేదు. అది ఇకనుంచి నేను నడుపుతాను. జొన్న కోత కాగానే ముప్పై నాలుగింటినీ, దొరనూ తోలుకుని మంజీర దిక్కు కోసిన వరిమళ్ళ మీద మంద పెట్టడానికి పోతున్నాను.

అనసూయ